ఉప్పు దాటిన తడిక

నేను చెప్పే కథల్లో పాలు సగం, నీళ్ళు సగం అని జావా దీవిలోని మా బ్రెబెస్‌లో చాలామంది అంటారు. అననివ్వండి. ఈ ఒక్క కథలో మాత్రం ఉప్పురవ్వంత అబద్ధం కూడా లేదు. రస్మాది నా కళ్ళముందు తిరిగే మనిషి. వాడి బాతులు మా కాలవలోనే ఈదుతాయి. ఇక ఆ తడిక సంగతంటారా, నా చేత్తో నేను తడిమి చూసినదే. కాబట్టి మధ్యలో ఆపి "నిజంగానా?" అని అడక్కండి. నిజమే.

రస్మాది ఉప్పుగుడ్లు చేస్తాడు. అందులో గొప్పేమీ లేదు. మా దగ్గర ఉల్లి పండించనివాడు ఉప్పుగుడ్లు చేస్తాడు, ఆ రెండూ చెయ్యనివాడు వాటి గురించి కాఫీ కొట్లో కూర్చుని మాట్లాడతాడు. రస్మాదికున్న పేరంతా వాళ్ళమ్మ దార్తెం సంపాదించి పెట్టిందే. ఆవిడ చేసిన బాతుగుడ్డుని నిలువునా కోస్తే పచ్చసొన దీపం రంగులో, తడి ఇసకలా పొలపొలలాడుతూ ఉండేది. అంచుల్లో నూనె ఊరి కత్తికి అంటేది. తెల్లసొన మాత్రం నాలికని గద్దించకుండా మెత్తగా ఉండేది. జకార్తా పోయే లారీలవాళ్ళు రోడ్డు పొడుగునా ఎన్ని కొట్లున్నా దాటుకుంటూ వచ్చి ఆవిడ గుమ్మం ముందు బ్రేకు వేసేవాళ్ళు.

ఆవిడ పోయి మూడేళ్ళు కావస్తోంది. వెయ్యో రోజు దగ్గరపడింది. మావాళ్ళలో పోయినవాళ్ళ పేరు మీద పెట్టే భోజనాల్లో వెయ్యోనాటిది ఆఖరిది. ఆ రోజు చదవాల్సినవి చదివి, వచ్చినవాళ్ళ చేతుల్లో అన్నం పొట్లాలు పెట్టి పంపిస్తే, పోయిన మనిషికి మనం చెయ్యగలిగింది అక్కడితో అయిపోయినట్టే. మళ్ళీ ఇంకో రోజంటూ ఉండదు. దార్తెం పేరు మీద పంచే పొట్లంలో ఏది తక్కువైనా జనం ఊరుకుంటారు గాని ఉప్పుగుడ్డు తక్కువైతే ఊరుకోరు. అదీ ఆవిడ చేసినట్టే ఉండాలి. అమ్మని చప్పటి గుడ్డుతో సాగనంపకూడదు. రస్మాదికి ఇదొక్కటే పట్టుదల.

ఆ పట్టుదలని గుండెల్లోనే ఉంచుకుని ఉంటే ఈ కథే లేదు. నోట్లోకి తెచ్చుకున్నాడు.

"గుడ్ల పని మొదలెట్టాలి కదా, కాంగ్," అన్నాడు కాఫీ కొట్టు కస్మూరి, గ్లాసులో పంచదార తిప్పుతూ. వయసులో చిన్నవాడు కాబట్టి రస్మాదిని అలా, అన్నా అన్నట్టు, పిలుస్తాడు. "మీ అమ్మ చెయ్యి ఇప్పుడెవరికొచ్చినట్టు? వార్సినా వదినకేనా?"

వార్సినా రస్మాది భార్య. అత్త బతికున్నన్నాళ్ళూ పక్కన కూర్చుని ఇటుకపొడి, బూడిద, ఉప్పు కలిపి పిసికింది ఆమే. అత్త పోయాక ఆ పని మొత్తం చూసుకుంటున్నదీ ఆమే. "అవునోయ్" అంటే సరిపోయేది. కానీ కొట్లో ఆ పూట జనం నిండుగా ఉన్నారు.

"చెయ్యేముందోయ్? పిండి ఎవడైనా పిసుకుతాడు. చెవి కావాలి, చెవి! అది మా అమ్మ నుంచి నాకొచ్చింది," అన్నాడు రస్మాది. బల్ల మీది గుడ్డొకటి తీసి చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకున్నాడు. "ఉప్పు నడుస్తుంటే నాకు వినిపిస్తుంది. ఇదుగో, పెంకు దాటింది. పొర దాటింది. తెల్లసొనంతా తిరిగింది. పచ్చసొన గుమ్మం దగ్గర చెప్పులు విప్పుకుంటోంది."

"చెప్పుల చప్పుడు కూడానా?"

"ఏ కాలిది ముందు విప్పిందో కూడా చెప్తా."

కొట్టంతా గొల్లుమంది. "మరి వదిన చేసేదేంటి?" అని కస్మూరి ఇంకొంచెం ఎగదోశాడు.

"ఆవిడకేం తెలుసోయ్? నేను విని చెప్తే ఆవిడ తీస్తుంది. నేను లేకపోతే ఆవిడ చేసేవి గుడ్లు కావు, మట్టిముద్దలు."

నవ్వు రావలసిన చోట నవ్వు రాలేదు. రస్మాది కళ్ళు తెరిచాడు. కొట్టుకి ఇవ్వాల్సిన గుడ్ల బుట్ట నడుం మీద పెట్టుకుని వార్సినా గుమ్మంలో నిలబడి ఉంది. లోపలికొచ్చి బుట్టని బల్ల మీద దించింది. అందులో ఒక్క గుడ్డూ కదల్లేదు.

"అయితే ఈసారి చెవితోనే పిసుక్కో," అంది. "ఈ మాట ఎవరి ముందు అన్నావో వాళ్ళ ముందే, రావే అని పిలిచేదాకా నీ గడప తొక్కను."

వెళ్ళింది ఎక్కడికో కాదు, పక్కింటికి. రెండిళ్ళూ ఒకప్పుడు ఒకటే ఇల్లు. వార్సినా తండ్రి ఇద్దరు కూతుళ్ళకీ పంచి మధ్యలో వెదురు తడిక కట్టించాడు. అటు అక్క కార్సి, ఇటు వార్సినా, పెళ్ళయ్యాక ఆమెతోపాటు రస్మాదీ, దార్తెమూ. ఆ తడిక మనిషిని ఆపుతుంది, కోడిని ఆపుతుంది, మేకని ఆపుతుంది. మాటని ఆపదు, పొగని ఆపదు, ఉల్లిపాయ వేగే వాసనని అసలే ఆపదు. ఇటు ఎవరైనా దగ్గితే అటు నుంచి "అల్లం నీళ్ళు తాగండి" అని వినిపించేది. ఆ రోజు నుంచి అది కూడా బందైంది. వార్సినా చెప్పదలుచుకున్నవన్నీ అక్కతో చెప్పేది, అక్క లేకపోతే అక్క మేకతో చెప్పేది. గొంతు మాత్రం తడిక దాటేటంత పెట్టేది.

రస్మాది పంతం మీద పని మొదలుపెట్టాడు. అమ్మ వెయ్యోనాటి గుడ్లకి పాత సరుకేమిటని, బట్టీలోంచి అప్పుడే తీసిన కొత్త ఇటుకలు తెప్పించాడు. రోట్లో వేసి దంచుతుంటే అవతల నుంచి మాటలు వచ్చాయి.

"విన్నావా అక్కా ఆ మోత? ఖంగుమంటోంది. కొత్త ఇటుక. అత్తమ్మ ఎప్పుడూ కూలిన గోడల ఇటుకే ఏరుకొచ్చేది."

"ఏదైతే ఏమే? ఇటుక ఇటుకే కదా," అంది కార్సి.

"బట్టీలోంచి వచ్చిన ఇటుక దాహం మీద ఉంటుంది. పోసిన నీళ్ళన్నీ అదే తాగేసి కూర్చుంటుంది. ఇంక ఉప్పుకేం మిగుల్తుంది?"

రస్మాది రోకలి ఇంకా గట్టిగా వేశాడు, మిగతాది వినపడకుండా.

పొడిని జల్లెడ పట్టాడు. ఊకబూడిద కలిపాడు. సముద్రం ఒడ్డున లోసారి ఉప్పుమడుల్లో పండిన గరుకు ఉప్పు పోశాడు. ఉప్పు కొలత తప్పలేదు, అది పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. నీళ్ళ దగ్గరే చెయ్యి బిగించాడు. పిండి జారుగా ఉంటే గుడ్డు చుట్టూ వంకరటింకరగా అతుక్కుని అసహ్యంగా ఉంటుందని వాడి బాధ. గట్టిగా కలిపి, తోమిన గుడ్లకి నున్నగా పట్టించి, బుట్టల్లో పేర్చి వాకిట్లో ఎండకి పెట్టాడు. ఎండ తగిలితే ఉప్పు చురుగ్గా నడుస్తుందనుకున్నాడు.

రోజూ పొద్దున్నే ఒక ముద్ద తీసి చెవికి పెట్టుకునేవాడు. లోపల హోరుమనేది. "నడుస్తోంది," అనుకునేవాడు. ఖాళీ గ్లాసు పెట్టుకున్నా అదే హోరు వినిపిస్తుందని వాడికి తెలియక కాదు. ఆ రోజుల్లో ఆ సంగతి గుర్తు చేసుకోదలుచుకోలేదు, అంతే.

పది రోజులు దాటాక ఒక గుడ్డు తీసి, మీది పెళ్ళ కొట్టి, కడిగి ఉడకబెట్టాడు. కత్తి పీట మీద టక్కుమనేసరికి తడిక అవతల మాటలు ఆగిపోయాయి. వాళ్ళూ ఆ చప్పుడు కోసమే కాచుకుని ఉన్నారు.

పచ్చసొన పొద్దున బాతు పెట్టినట్టే ఉంది. పసుప్పచ్చగా, మెత్తగా, నోట్లో పెట్టుకుంటే ఏ రుచీ లేకుండా. తెల్లసొనకి ఉప్పు అనే పదార్థం ఈ లోకంలో ఉందన్న కబురైనా అందినట్టు లేదు.

"ఏం మరిదీ, ఉప్పు చెప్పులు విప్పిందా?" అని కార్సి అవతల నుంచి అడిగింది.

"విప్పింది, విప్పింది," అన్నాడు రస్మాది నోటినిండా చప్పటి గుడ్డుతో.

రాలిన పెళ్ళ ముక్కొకటి తీసి నాకి చూశాడు. సముద్రం తగిలింది నాలిక్కి. పోసిన ఉప్పు పోసినట్టే ఆ ఎండిన పెళ్ళలోనే ఉండిపోయింది. గుమ్మం ఎదురుగానే ఉంది, లోపల చోటూ ఉంది, మరి ఎందుకు వెళ్ళలేదో వాడికి అర్థం కాలేదు. ఎవరిని అడగాలో తెలుసు, అడగలేడు.

ఆ సాయంత్రమే కస్మూరి గేటు దగ్గర సైకిలాపి లోపలికి తొంగి చూశాడు. "ఎందాకా వచ్చింది, కాంగ్?"

"పచ్చసొన గుమ్మంలో ఉంది."

"ఇంకా అక్కడేనా? మొన్నే చెప్పులు విప్పుకుంటోందన్నావు!"

"చెప్పులు ఎక్కడ పెట్టాలో చూసుకుంటోంది. వెళ్ళవయ్యా, కొట్లో పాలు పొంగుతుంటాయి."

"సరేలే. మీ అమ్మ గుడ్డు తిని మూడేళ్ళైంది. ఆ రోజు పొద్దుటి నుంచి పస్తుండి మరీ వస్తా," అని కస్మూరి పెడలు తొక్కాడు. ఆ మాట హాస్యానికి అన్నది కాదు. రస్మాదికి అదే బరువైంది.

కొత్త గుడ్లతో మళ్ళీ మొదలుపెట్టడానికి రోజులు చాలవు. పోనీ బజార్లో కొందామా అంటే, ఏ గుడ్డు ఎవరింటిదో ఒక్క ముక్క నోట్లో వేసుకుని చెప్పే ఊరు మాది. అందుకని ఇంకో తొందర పని చేశాడు. పెళ్ళలన్నీ కొట్టేసి, పెద్ద జాడీలో నీళ్ళు కాచి, ఇక కరగను మొర్రో అనేదాకా ఉప్పు పోసి, చల్లారాక గుడ్లన్నీ అందులో ముంచాడు. పైకి తేలకుండా పళ్ళెం బోర్లించి రాయి పెట్టాడు.

ఈసారి ఉప్పు నిజంగానే లోపలికి వెళ్ళింది. నాలుగైదు రోజులయ్యాక ఒకటి ఉడకబెట్టి కోసి, తెల్లసొన కొంచెం గిల్లి నోట్లో వేసుకుంటే నాలిక గొంతులోకి చుట్టుకుపోయినట్టైంది. మంచినీళ్ళ కుండ ఖాళీ చేశాక పచ్చసొన చూశాడు. అంచు మాత్రం సన్నగా చెక్కులా గట్టిపడింది. నడిమధ్య ఎప్పటిలాగే జారుగా, చప్పగా ఉంది. పైన సముద్రం, లోపల బావినీళ్ళు. రెంటికీ పొత్తు లేదు.

పీట మీద గుడ్డు రెండు చెక్కలుగా అలాగే ఉంది. రస్మాది నేల మీద చతికిలబడ్డాడు. చెడిన గుడ్డుని అమ్మ ఎప్పుడూ పారెయ్యలేదు. "ఇది దారి తప్పిందిరా," అని తనే వేడన్నంలో నలుపుకుని తినేది, మంచివి ఇంట్లోవాళ్ళకి పెట్టేది అని గుర్తొచ్చింది వాడికి. ఇప్పుడు బుట్టలకి బుట్టలు దారి తప్పాయి. తినడానికి ఆవిడ లేదు.

జాడీలో ఉప్పునీళ్ళు తీసుకెళ్ళి తడిక మొదట్లో పారబోశాడు. మర్నాటికి ఆ నీళ్ళు వెదురులోకి ఎగబాకి, ఎండి, తడిక కిందిభాగమంతా తెల్లగా పూత పూసింది. కార్సి మేకకి ఉప్పంటే ప్రాణం. అవతల వైపు నుంచి నాకడం మొదలుపెట్టింది. నాకి నాకి, నాలిక్కి చాలక పళ్ళు పెట్టింది. పొద్దెక్కేసరికి తడికలో పళ్ళెమంత కన్నం పడింది.

ఆ కన్నంలోంచి రస్మాదికి ముందు మేక గడ్డం కనిపించింది. మేక తప్పుకున్నాక, ఉల్లిపాయలు తరుగుతున్న రెండు చేతులు కనిపించాయి. కుడిచేతి వేళ్ళ గోళ్ళలో ఇటుక ఎరుపు. ఎన్నిసార్లు కడిగినా పోని ఆ ఎరుపు వాళ్ళమ్మ గోళ్ళలోనూ ఉండేది.

కత్తి ఆగింది.

"గడప తొక్కనన్నాను," అంది వార్సినా. "తడిక సంగతి అనలేదు. ఏదీ, ఆ కోసిన గుడ్డు ఇలా ఇయ్యి."

కన్నంలోంచి అరచెయ్యి వచ్చింది. రస్మాది ఒక చెక్క అందులో పెట్టాడు. అవతల నుంచి ముందు థూ అని వినిపించింది, తరవాత నీళ్ళు తాగిన చప్పుడు.

"ఏవయ్యా, పోయినావిడకి పెడుతున్నావా, బతికున్నవాళ్ళని కూడా పంపిద్దామనుకుంటున్నావా?"

"తిట్టుకోవే, నీ ఇష్టం. బాగవుతాయా, అవవా? ముందది చెప్పు."

ఆ గొంతులో కొట్టులో కూర్చున్న రస్మాది లేడు. వార్సినా మిగిలిన తిట్లు మింగేసింది.

"మొదటిసారి ఎందుకు చప్పగా ఉన్నాయో తెలిసిందా నీకు?"

"ఉప్పు తక్కువ కాలేదే. నాకి చూశాను."

"ఉప్పుకి కాళ్ళెక్కడున్నాయి? నీళ్ళే దానికి కాళ్ళు. పిండి తడిగా ఉంటే ఆ తడిలో కరిగి, పెంకులో కంటికి కనపడని సందుల్లోంచి, దాని కింద పొరలోంచి దిగుతుంది. నువ్వు దాహం మీదున్న ఇటుకతో కలిపి, చాలదన్నట్టు ఎండలో పెట్టావు. కాళ్ళు విరగ్గొట్టి నడవమంటే ఎలా నడుస్తుంది?"

"మరి రెండోసారి? ఉన్నవన్నీ నీళ్ళేగా?"

"రెండోసారి ఊరు మొత్తాన్ని ఒక్కసారి తలుపు మీదకి తోశావు. తెల్లసొనలోకి వచ్చి పడ్డారు అందరూ. పచ్చసొనకి దాని పొర దానికి వేరే ఉంది, లోపలంతా నూనె, చిక్కదనం. అక్కడ నెమ్మదిగా కదలాలి. ఉప్పు కొంచెం కొంచెంగా లోపలికి పోతుంటే, లోపలి నీళ్ళు కొంచెం కొంచెంగా బయటికి రావాలి. నీళ్ళు వచ్చేస్తేనే పచ్చసొన గట్టిపడి ఇసకలా విడుతుంది, నూనె వదుల్తుంది. పోవడమే కాదయ్యా, రావడం కూడా ఉండాలి. నీకు పోవడమొక్కటే కావాలి."

ఆఖరి మాట గుడ్డు గురించి కాదని రస్మాదికి అనుమానం వచ్చింది.

"ఇప్పుడేం చెయ్యాలి?"

"అక్క ఇంటి వెనక కూలిన పొయ్యి ఉంది. ఆ ఇటుక దంచి, బూడిదేసి, జారుగా కలుపుతా. ఉప్పు వెయ్యను."

"ఉప్పు లేకుండానా? ఉప్పుగుడ్లకా?"

"ఉన్న ఉప్పు చాలకనా? ఇప్పుడు తెల్లసొన సంతలా కిక్కిరిసి ఉంది. బయట తడిపిండి ఖాళీ, లోపల పచ్చసొన ఖాళీ. ఇరుకులో ఉన్నవాళ్ళు కొందరు ఇటు బయటికొస్తారు, కొందరు అటు లోపలికి పోతారు. ఎక్కడా ఇరుకు లేదనుకునేదాకా సర్దుకుంటూనే ఉంటారు."

"ఎటు పోవాలో వాటికెవరు చెప్తారే?"

"సంతలో ఊపిరాడకపోతే నీకెవరు చెప్తారు పక్కకి జరగమని?"

వెనక నుంచి కార్సి నవ్వు వినిపించింది. "మరిదీ, ఆ చెవిని ఇలా పెట్టు, జరిగే చప్పుడు వినిపిస్తుంది."

ఆ రోజంతా ఆ కన్నం పని చేసింది. ఇటు నుంచి రస్మాది గుడ్లని మంచినీళ్ళలో ముంచి తీసి ఒక్కొక్కటే అందించేవాడు. అటు వార్సినా అరచేతిలో పిండి పరిచి, గుడ్డుని మధ్యలో పెట్టి, పసిబిడ్డకి గుడ్డ చుట్టినట్టు చుట్టి వెనక్కి ఇచ్చేది. బోడిగా పోయింది కోటు వేసుకుని తిరిగొచ్చేది. పిండి జారుగా, వంకరటింకరగా, చూడ్డానికి అసహ్యంగా ఉంది. రస్మాది వాటిని అలాగే బుట్టలో పేర్చాడు. మధ్యలో వేళ్ళు వేళ్ళకి తగిలినప్పుడు ఇద్దరూ గుడ్డు జారుతుందేమోనన్నంత జాగ్రత్తగా ఉన్నారు.

"మీ ఇద్దరికీ గుమ్మం అనేదొకటి ఉందని గుర్తుందా?" అంది కార్సి అటుగా వెళుతూ.

"గుమ్మం తెరవాల్సింది నేను కాదు," అంది వార్సినా.

బుట్టల్ని నీడలో పెట్టి తడిపిన గోనెపట్టాలు కప్పమంది. పట్టా ఆరితే మళ్ళీ తడపమంది. చెవికి పెట్టుకోవద్దంది. రస్మాది మూడూ పాటించాడు. మూడోదే కష్టమైంది.

వెయ్యో రోజు తెల్లవారుతూనే గుడ్లు కడిగి ఉడకబెట్టారు, ఇటు పొయ్యి మీద సగం, అటు పొయ్యి మీద సగం. మొదట చల్లారినదాన్ని రస్మాది కన్నం దగ్గరికి తెచ్చి, వార్సినా చూస్తుండగా కోశాడు. కత్తికి నూనె అంటింది. పచ్చసొన ఎర్రబారి, అంచు నుంచి చాలా లోపలిదాకా ఇసకలా విడింది. నట్టనడుమ చిటికెన గోరంత చోట మాత్రం ఇంకా లేతగానే ఉంది. తెల్లసొన కాస్త గట్టిగానే పలకరించింది గాని, గద్దించలేదు.

వార్సినా నమిలి నమిలి చూసింది. "అత్తమ్మ ఉంటే తిట్టేది," అంది. తరవాత, "తిడుతూ రెండోది తీసుకునేది," అంది.

రస్మాది ముఖం అటు తిప్పుకుని పొయ్యిలో పుల్లలు ఎగదోశాడు. పొగ లేకపోయినా కళ్ళు తుడుచుకున్నాడు.

సాయంత్రం మగవాళ్ళంతా వచ్చి ముందుగదిలో చాపల మీద కూర్చున్నారు. చదవాల్సినవి చదివారు. దార్తెం పేరు చెప్పి దువా చేశారు. వార్సినా పట్టిన పట్టు విడవలేదు. అన్నం, సోయాగింజల టెంపే వేపుడు, నూడుల్సు అన్నీ కార్సి ఇంట్లో వండి ఆ కన్నంలోంచే ఇవతలికి అందించింది. ఇవతల ఉన్న ఇరుగుపొరుగు ఆడవాళ్ళు పొట్లాలు కట్టారు. పొట్లం ఇంటికి పట్టుకెళ్ళి తినడం మర్యాద. కస్మూరికి అంత ఓపిక లేదు. అక్కడే విప్పి, గుడ్డు మోకాలికేసి కొట్టి, చీల్చి, సగం నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నాడు.

అందరూ వాడి దవడ వంక చూశారు.

"దార్తెమ్మ గుడ్డే," అన్నాడు కళ్ళు తెరవకుండా. ఇక ఎవరూ ఆగలేదు. గదంతా పెంకులు చిట్లిన చప్పుడు. కొట్లో రోజూ కూర్చునేవాళ్ళంతా అక్కడే ఉన్నారు. "నీ చెవి గట్టిదే కాంగ్!" అన్నాడు కస్మూరి. "ఒప్పుకుంటున్నా. రక్తంలో వచ్చిందన్నావు, నిజమే."

తడిక అవతల గిన్నెల చప్పుడు ఆగింది. పీట మీద కత్తి టక్కుమన్ననాడు ఎలా ఆగిందో అలాగే ఆగింది. రస్మాది ఒక్కడే అది విన్నాడు. నిజం చెప్తే పోయే పరువు ఒకవైపు, చెప్పకపోతే అమ్మ పేరు మీద అబద్ధం ఒకవైపు. ఇంత ఇరుకు వాడికెప్పుడూ అనిపించలేదు.

"చెవీ లేదు, గివీ లేదు," అన్నాడు. "ఏమీ వినిపించదు నాకు. హోరు తప్ప."

"ఏంటి?"

"చెప్పులూ అబద్ధమే. నేను చేసినవి ఒకసారి చప్పగా తగలడ్డాయి, ఇంకోసారి విషమయ్యాయి. ఇప్పుడు మీరు నముల్తున్నది వార్సినా బాగు చేసింది. అమ్మ చెయ్యి దానికొచ్చింది. నాక్కాదు."

కస్మూరి నోట్లో గుడ్డు అలాగే ఉండిపోయింది. "మరి ఇన్నేళ్ళూ మా ముందు చెవికి పెట్టుకుని..."

"మీరు నోళ్ళు తెరుచుకుని వింటుంటే ఆపడం బాగోదనిపించింది." తరవాత రస్మాది గొంతు పెంచాడు. పెంచక్కర్లేదు, తడిక సంగతి వాడికి తెలుసు. అయినా పెంచాడు. "వార్సినా! అందరి ముందే పిలుస్తున్నా. ఇంటికి రావే."

అందరి తలలూ తడిక వైపు తిరిగాయి.

"గుమ్మంలోంచా, కన్నంలోంచా?" అని వినిపించింది అవతల నుంచి.

నవ్వులు ఇంకా తగ్గకముందే వార్సినా వీధి చుట్టూ తిరిగి వచ్చి, ముందుగుమ్మంలో చెప్పులు విప్పింది. ముందు ఎడమకాలిది, తరవాత కుడికాలిది. ఆ చప్పుడు గదిలో అందరికీ వినిపించింది. మిగిలిన పొట్లాల పళ్ళెం రస్మాది చేతిలో పెట్టి, "నిలబడతావేం, పంచు," అంది.

కథ అయిపోయింది. లేవబోయే ముందు ఒక్క ముక్క. మొదట్లో ఉప్పురవ్వంత అబద్ధం కూడా లేదన్నాను కదా, ఒక మేకంత ఉంది. కార్సికి మేక ఉన్న మాట నిజం, దానికి ఉప్పంటే ప్రాణమన్నదీ నిజం. నాకింది కూడా. కానీ ఆ వెదురు మేక పళ్ళకి లొంగేది కాదు. తడిక మేకని ఆపుతుందని నేనే ముందు చెప్పాను, మీరు పట్టుకోలేదు. ఆ కన్నం అంచులు తడిమి చూస్తే నున్నగా, కత్తి కోతలా ఉంటాయి, అదీ రస్మాది వైపు నుంచి కోసినట్టుగా. మేక చేత కొరికించింది నేను. మొగుడు పట్టపగలు కూర్చుని పెళ్ళాం కోసం గోడ కోశాడంటే మా కాఫీ కొట్లో ఎవరూ నమ్మరు. మేకంటే నమ్ముతారు.